మొగుడి పేరు చెప్పని సాక్షి

1955. కర్నూలు అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆఫీసులు సగం గుడారాల్లో నడుస్తున్నాయి. ఎండకు ఫైళ్ళూ గుమాస్తాలూ కలిసే వాడిపోతున్నారు. నేను బేతంచెర్ల వైపు సబ్-ఇన్‌స్పెక్టర్‌ని. అప్పటిదాకా నేను పట్టుకున్నదల్లా గొర్రెల దొంగల్ని, నాటుసారా కాసేవాళ్ళని, నాపరాళ్ళ గనుల దగ్గర తాగి తలలు పగలగొట్టుకున్నవాళ్ళని. అలాంటి నన్ను మా సూపరింటెండెంటుగారు గుడారంలోకి పిలిచి, "సిలోన్ పోయి ఒక మనిషిని తేవాలి. పోతావా?" అన్నారు. పోతానన్నాను. అప్పటికి నేను సముద్రం చూసి ఎరగనని మాత్రం చెప్పలేదు.

ఎక్స్‌ట్రడిషన్ అనే మాట మొదటిసారి విన్నది ఆ గుడారంలోనే. ఒక దేశంలో నేరం చేసి ఇంకో దేశంలో దాక్కున్నవాణ్ణి, ఆ దేశపు కోర్టు ఒప్పుకుంటే, మన కోర్టుకు పట్టి తెచ్చుకోవడం. ఒప్పుకుంటేనే సుమా! బేడీలు పట్టుకుపోయి తగిలించుకు రావడానికి అది పక్క తాలూకా కాదు. వారంటులో పేరున్న మనిషీ బోనులో నిలబడ్డ మనిషీ ఒకడేనని అక్కడి మేజిస్ట్రేట్‌కు నమ్మకం కలగాలి. వాడి మీద కేసు నడపడానికి తగిన ఆధారం ఉందనీ తోచాలి. రెంటిలో ఏది తప్పినా వాడు మీసం తిప్పుకుంటూ మన ముందే నడిచి వెళ్ళిపోతాడు.

మా వారంటులో ఉన్న పేరు ఓబులేసు. వాడి పని ఆడపిల్లల్ని అమ్మడం. తండ్రిలేని పిల్ల ఉన్న ఇల్లు చూసుకుని పోతాడు. సిలోన్‌లో బట్టల కొట్టు ఉందంటాడు. పెళ్ళి ఖర్చు కూడా తనదేనంటాడు. తాళి కట్టి రైలెక్కిస్తాడు, ఆ తర్వాత పిల్ల కబురు ఉండదు. ఇప్పుడు దీనికి మానవ అక్రమ రవాణా అని పెద్ద పేరు పెట్టారు. ఏ పేరు పెట్టినా అది పిల్లల్ని అమ్ముకోవడమే.

వాడి చేతిలోంచి తప్పించుకు వచ్చింది ఒక్క సుంకమ్మే. బేతంచెర్ల గనుల్లో రాళ్ళు మోసే పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయి. ధనుష్కోటిలో పడవ ఎక్కించబోయే ముందు వాడు పక్క గదిలో తన ధర మాట్లాడుతుంటే విన్నది. గోడ దూకి రైల్వే పోలీసుల కాళ్ళ మీద పడింది. వాడు మాత్రం దాటిపోయాడు. కొన్ని నెలల తర్వాత కొలంబో పోలీసులు ఒక ఇంటి మీద అనుమానంతో పడి, మేం పంపిన వర్ణనకు సరిపోయే మనిషిని పట్టుకున్నారు. ఆ ఇంట్లో ఇంకో తెలుగు పిల్ల దొరికింది. ఎవరు అడిగినా నోరు విప్పడం లేదట. ఆ పిల్లను అక్కడి క్రైస్తవ సన్యాసినులు నడిపే కన్యాశ్రమంలో ఉంచారు.

సుంకమ్మ ఊరివాళ్ళంతా ఓబులేసు పేరు, పెళ్ళి సంగతి చెప్పి వేలిముద్రలు వేశారు. ఆ కాగితాలు ముందే వెళ్ళాయి. మనిషిని చూసి వీడే అనడానికి సుంకమ్మ కావాలి. ప్రభుత్వం ఒక సాక్షికి, తోడుగా ఒక ఆడమనిషికి మాత్రమే ఖర్చు ఇచ్చింది. తల్లి కూడా లేదు కాబట్టి ఆత్మకూరు నుంచి మేనత్త రంగమ్మ బయల్దేరింది. ఆమె ఆ పెళ్ళికి రాలేదు, పెళ్ళికొడుకును చూడలేదు. కానీ పెళ్ళి గురించి ఆమెకు తెలియని సంగతి లేదు.

ఆ ప్రయాణం తల్చుకుంటే ఈ వయసులోనూ ఒళ్ళు పులకరిస్తుంది. గుంతకల్లు, మద్రాసు, అక్కడి నుంచి సిలోన్ స్టీమరును అందుకునే బోట్ మెయిల్ రైలు. పాంబన్ వంతెన మీద రైలు నీళ్ళలో నడుస్తున్నట్టుంటే నేను కిటికీ ఊచలు పట్టుకుని చిన్నపిల్లాడిలా అరిచాను. ధనుష్కోటిలో రంగమ్మ నేరుగా ఒడ్డుకు పోయి దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుంది.

"థూ! ఉప్పు! ఏమప్పా ఎస్సై, ఇన్ని నీళ్ళుండి ఏం లాభమప్పా? అందుకే ఎవురూ తోడుకోని పోలే."

నేను నవ్వాను. సుంకమ్మ నవ్వలేదు. స్టీమరు కదిలాక కమ్మీ పట్టుకుని చాలాసేపు నీళ్ళకేసి చూసి, "ఇది దాటితే ఇంగ నేను యాడికి పరిగెత్తేదాన్ని సారూ?" అంది.

కొలంబో కోర్టులో మేజిస్ట్రేట్ కళ్ళద్దాల పెద్దమనిషి. తెలుగు మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి దుబాసీగా ఒక చెట్టియారు కొట్టులో పనిచేసే మద్రాసు తెలుగాయన్ని పిలిచారు. ముద్దాయి తెల్లకోటు వేసుకుని, బంగారు పన్ను మెరిపిస్తూ పెళ్ళిలో మామగారిలా నిలబడ్డాడు. వాడి వకీలు చెప్పింది ఒకటే మాట. ఈయన పేరు రాజరత్నం, మర్యాదస్తుడైన వర్తకుడు. ఓబులేసు ఎవరో తెలియదు. కర్నూలు మొహం చూడలేదు. సుంకమ్మ అనే మనిషిని ఎరగరు. కన్యాశ్రమంలో ఉన్న చెన్నమ్మ ఈయన ధర్మపత్ని, ఆమెను వెంటనే భర్తకు అప్పగించాలి. కేసు పోతే వీడొక్కడే బయటపడడు. ఆ పిల్లను చెయ్యి పట్టి తీసుకుపోతాడు, కోర్టువారి అనుమతితో.

సుంకమ్మను బోను ఎక్కించారు. సర్కారు వకీలు అడిగాడు, "ఇతన్ని ఎరుగుదువా?"

"ఎరక లేకేమి."

"ఎవరు?"

సుంకమ్మ కొంగు ముందుకు లాక్కుంది. "మా యింటాయన."

"పేరు?"

సుంకమ్మ తల దించుకుంది.

మా పోలీసుల్లో ఒక్కడికీ తట్టని సంగతి అప్పుడు తట్టింది. మా సీమలో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. స్టేషన్లో స్టేట్‌మెంట్ రాసుకునేటప్పుడు భర్త పేరు దగ్గరికి వచ్చేసరికి ఆడమనిషి పక్కకు చూస్తుంది, పక్కనున్నవాళ్ళు అందిస్తారు, మేం రాసుకుంటాం. వందసార్లు అలాగే రాసుకున్నాం. కొలంబోలో అందించేవాళ్ళు ఎవరున్నారు? రంగమ్మ ఉందిగా! బెంచీ మీంచి, "ఓబు..." అని మొదలుపెట్టింది. మేజిస్ట్రేట్ బల్ల చరిచి, ఇంకోసారి నోరు తెరిస్తే బయటికి పంపిస్తానన్నారు.

సుంకమ్మ తనకు తెలిసిన దారి పట్టింది. "అహోబిలం కొండ మీద సామి పేరు."

దుబాసీ తర్జుమా చేశాడు. ముద్దాయి వకీలు నవ్వుతూ లేచాడు. "ఆ దేవుడికి ఎన్ని పేర్లున్నాయో?"

పాపం ఆ దుబాసీ భక్తుడు. "నరసింహస్వామి, లక్ష్మీనరసింహస్వామి, ఓబులేసు, ప్రహ్లాదవరదుడు..." అని వేళ్ళు మడవసాగాడు. కోర్టంతా గొల్లుమంది.

"చూశారా!" అన్నాడు వకీలు. "ఈమెకు నా కక్షిదారు పేరే తెలియదు. పోలీసులు వేలు చూపించమంటే చూపిస్తోంది. పోనీ, భర్తే అనుకుందాం. భర్త భార్యను ప్రయాణం తీసుకెళ్ళడం ఏ దేశంలో నేరం?"

మధ్యాహ్నం విరామంలో వరండాలో సుంకమ్మను బతిమాలాను. చేతులు కూడా జోడించాను.

"సారూ, వాడు నా పాలిటి శని. ఉరి ఎయ్యండి, నేను వద్దంటానా? పేరు మాత్రం నా నోటెంట రాదు."

"ఎందుకు రాదమ్మా?"

"మొగుని పేరు పలికితే ఆయుస్సు తగ్గుతాది."

"ఉరి వేయమంటివే ఇప్పుడు!"

"అది మీరు ఏసేది. నా నోటితో నేనెందుకు తగ్గిస్తా?"

రంగమ్మ కూడా తల ఊపింది. "అది నిజమే లేప్పా. పెండ్లయిన దినం నుంచి నేనూ పలకలే." నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రాళ్ళు మోసిన పిల్ల, గోడ దూకిన పిల్ల, ఒక పేరు దగ్గర ఆగిపోయింది. కోపం వచ్చిన మాట దాచను. కానీ మా అమ్మ మా నాన్న పేరు చెప్పగా నేనెప్పుడు విన్నాను? నా ఇంట్లో ఉన్న ఆచారానికి ఈ పిల్లను ఏమని తిట్టను?

విరామం అయ్యాక ముద్దాయి వకీలే చెన్నమ్మను పిలిపించాడు. పదహారు పదిహేడేళ్ళ పిల్ల. కన్యాశ్రమంవాళ్ళు ఇచ్చిన తెల్లచీర కట్టుకుని, నేలచూపులు చూస్తూ వచ్చింది.

"ఇతను నీకు తాళి కట్టాడా?" తల ఊపింది.

"నీ భర్త పేరేమిటి?"

చెన్నమ్మ కొంగు ముందుకు లాక్కుని తల దించుకుంది. పొద్దున సుంకమ్మ నిలబడ్డట్టే నిలబడింది. వకీలుకు ఆ ప్రశ్నతో పెద్దగా పనిలేదు. "సరే, సిగ్గుపడుతోంది. భర్తతో వెళ్ళడానికి అభ్యంతరం ఉందా?" అన్నాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు మాత్రం తెరవలేదు.

నా పక్కన కదలిక వినిపించింది. సుంకమ్మ లేచి నిలబడింది.

"ఏం పాపా, యా ఊరు మీది?"

చెన్నమ్మ ఉలిక్కిపడి చూసింది. ఎన్ని నెలల తర్వాత విన్నదో తన భాషలో ఒక ఆడమనిషి గొంతు! "బద్వేలు దగ్గర, అక్కా."

"నీ మెడలో గూడా వాడే కట్నాడా?"

"ఊఁ."

"పేరు పలకొద్దన్యాడా?"

"పలికితే సచ్చిపోతానన్యాడు. ఎవురు అడిగినా సెప్పొద్దన్యాడు."

జవాన్లు సుంకమ్మను కూర్చోమంటున్నారు. మేజిస్ట్రేట్ బల్ల మీద కొడుతున్నారు. దుబాసీ ఎవరి మాట తర్జుమా చేయాలో తెలియక నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వాడు ఊరు మార్చి ఊరు తిరిగినా ఒక్క భార్యా వాడి పేరు ఎందుకు చెప్పలేదో నాకు అప్పుడు అర్థమైంది. మా అమ్మలూ అక్కలూ ప్రేమతో పాటించే మర్యాదను వాడు తాళంకప్పలా వాడుకున్నాడు.

సుంకమ్మకు నాకంటే ముందే అర్థమైంది. ముద్దాయి బోను వైపు తిరిగి, గనిలో ఈ చివర నుంచి ఆ చివరకు కేకేసినట్టు కేకేసింది.

"ఓబులేసూ!"

బల్ల కొడుతున్న మేజిస్ట్రేట్ చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఒరే ఓబులేసూ! ఇట్ల సూడరా! ఓబులేసూ!"

తెల్లకోటు మనిషి ముఖం నల్లబడింది. ఆ వేళ దాకా చిరునవ్వు చెరగనివాడు బోను చెక్కను రెండు చేతులా పట్టుకుని, స్వచ్ఛమైన మా సీమ తెలుగులో అరిచాడు.

"నోరు ముయ్యే, సిగ్గులేనిదానా! నలుగుర్లో మొగుని పేరు పెట్టి పిలుస్తావా!"

వాడి వకీలు కళ్ళు మూసుకున్నాడు. తెలుగు రాకపోయినా గొంతును బట్టి కొంప మునిగిందని తెలిసిపోయింది కాబోలు. మేజిస్ట్రేట్ దుబాసీ వైపు తిరిగారు. "ముద్దాయి ఏమన్నాడు?" ఆ మహానుభావుడు గొంతు సవరించుకుని, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు. నలుగురిలో భర్త పేరు పెట్టి పిలుస్తావా అంటున్నాడని.

"ఎవరి భర్త? ఏ పేరు?" అన్నారు మేజిస్ట్రేట్. ముద్దాయి తన వకీలు వైపు చూశాడు. సంతోషం పట్టలేక నేను పక్కనున్న సర్కారు వకీలు భుజం గట్టిగా నొక్కేశాను. ఆయన ఏమీ అనుకోలేదు.

అప్పుడు చెన్నమ్మ మాట్లాడింది. వినీ వినపడనట్టు మొదలుపెట్టి, పోనుపోను గొంతు పెంచింది. "నాకు నరసింహులు అని సెప్పినాడు సామీ. ఆ యక్కకు ఓబులేసంట. నన్ను వాని ఎంట పంపొద్దండి. మా ఊరికి పోతా."

మేజిస్ట్రేట్ సుంకమ్మను మళ్ళీ బోను ఎక్కించి, ప్రమాణం చేయించి, పేరు చెప్పమన్నారు. ఈసారి తల దించలేదు. చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఒక మనిషి ఒక్కొక్క భార్యకు ఒక్కొక్క పేరు చెప్పుకున్నాడంటే అది సంసారం కోసం కాదని తోస్తోందన్నారు. వాణ్ణి మాకు అప్పగించమని, చెన్నమ్మను ఆమె కోరిన చోటికి పంపమని ఉత్తర్వు ఇచ్చారు. నేను పోలీసు టోపీ నెత్తిన ఉందని మరిచి, రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాను.

అప్పీలు గడువు దాటాక స్టీమరెక్కాం. డెక్కు మీద వాడు బేడీలతో కూర్చున్నాడు, ఎదురుగా ముగ్గురు ఆడవాళ్ళు అటుకులు తింటున్నారు. రంగమ్మ వాణ్ణి ఎగాదిగా చూసి, "ఏమిరా ఓబులేసూ, కాళ్ళు ముడుసుకో, మనుషులు నడిసే దావ" అంది. చెన్నమ్మ ఫక్కున నవ్వింది. ఆ పిల్ల నవ్వడం మేమెవరం అంతకుముందు చూడలేదు. ముగ్గురూ కలిసి ధనుష్కోటి దాకా ఏదో ఒక వంకతో వాణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు, నేను ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.

ఆ తర్వాత నా సర్వీసంతా, ఆడమనిషి స్టేట్‌మెంట్ రాసేటప్పుడు పక్కవాళ్ళను అందించనివ్వలేదు. "నిన్ను అడగలేదప్పా" అని వాళ్ళను బయట కూర్చోబెట్టి, ఆమె చెప్పేదాకా ఆగేవాణ్ణి. కొందరు చెప్పేవాళ్ళు కాదు, సైగ చేసేవాళ్ళు, అది వాళ్ళ ఇష్టం. కానీ ఒక మనిషి ఎందుకు మాట్లాడడం లేదో కనుక్కోకుండా ఆ ఖాళీని ఇంకొకరి మాటతో పూడిస్తే, లోపల దొంగ హాయిగా కూర్చుంటాడని ఆ కేసు నాకు నేర్పింది.

కర్నూలు సెషన్సు కోర్టులో విచారణ నాడు సుంకమ్మ మొదటి సాక్షి. గుమాస్తా తలెత్తకుండా, అలవాటు ప్రకారం అడిగాడు.

"పేరు?"

"సుంకమ్మ."

"భర్త పేరు?"

"మొగుడు లేడు" అంది సుంకమ్మ. "ముద్దాయి పేరు కావల్లంటే సెప్తా, రాసుకో."