మాట కోసం ఆగిన ఎస్తేరు టీచర్

ఆదివారం ఉదయం సునీత ఫోన్ చేసి, "మాస్టారూ, టీచర్ గారు వెళ్ళిపోయారండి" అంది. ఏ టీచరని అడగవలసిన అవసరం లేకపోయింది. రామచంద్రపురం ఉన్నత పాఠశాలలో చిరకాలం ఆంగ్లం బోధించి, విశ్రాంత జీవితాన్ని కూడా బోధనకే అర్పించిన ఎస్తేరు రాణి గారు ఆ వేకువన నిద్రలోనే కన్నుమూశారు. "ఏంటండీ, ఎవరికేమైంది?" అని మా ఆవిడ అడుగుతోంది. టీచర్ గారి పేరు చెప్పాను. ఆమె వయసూ అనారోగ్యమూ తెలిసినవే. అయినా మనస్సు ఆ వార్తను అంగీకరించలేదు.

అదే పాఠశాలలో నేను తెలుగు పండితుణ్ణి. ఆమె లూథరన్ క్రైస్తవ సంఘంలో వాక్యం బోధించే ఒక ఉపదేశి గారి కుమార్తె. నేను పురాణపఠనం నడుమ పెరిగినవాణ్ణి. భోజన విరామంలో మా ఇద్దరికీ స్నేహం కలిపింది భాష ఒక్కటే.

ఉద్యోగ విరమణ తరువాత ఆమె తన ఇంటి వరండాలో సాయంత్రాలు ఇంగ్లీషు సంభాషణ నేర్పేవారు. అక్షరాలు నేర్చుకునేవారికి అక్కడ చోటు లేదు. వచ్చేవారందరూ చదువుకున్నవారే. ఇంగ్లీషు పత్రిక చదవగలరు, తప్పుల్లేకుండా దరఖాస్తు రాయగలరు. ఎదుటి మనిషి ఒక ప్రశ్న అడిగితే మాత్రం గొంతు పెగలదు. "వీళ్ళకి ఇంగ్లీషు రాక కాదండీ, రెండో మాట రాక. మొదటి మాట పుస్తకంలో దొరుకుతుంది. రెండోది ఎదుటివాళ్ళని విన్నవాళ్ళకే వస్తుంది" అనేవారు.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే సునీత అలా వచ్చినదే. ఐర్లండులో ఉద్యోగం కోసం ఇంటర్వ్యూ ఇవ్వవలసి ఉండి, రాగల ప్రశ్నలన్నిటికీ జవాబులు కంఠస్థం చేసింది. మొదటిరోజు నేనూ అక్కడే కూర్చున్నాను. మీ ఊరేదని టీచర్ ఇంగ్లీషులో అడగ్గానే ఆ అమ్మాయి అనర్గళంగా అప్పజెప్పింది. "వాన పడితే మీ ఇంట్లోకి నీళ్ళొస్తాయా?" అని ఇంగ్లీషులోనే మళ్ళీ అడిగారు. సునీత మాట ఆగిపోయింది. టీచర్ తొందరపెట్టలేదు, ఒక్క పదమైనా అందించలేదు. చాలాసేపటికి సునీత, క్రియలు కాలం తప్పుతుండగా, వాన పడితే వాళ్ళమ్మ మంచమెక్కి కూర్చుంటుందని చెప్పింది. "మరి నువ్వు?" అన్నారు టీచర్. బియ్యం డబ్బా పట్టుకుని నిలబడతానంది. ఇద్దరూ నవ్వారు. సంభాషణ సాగిపోయింది.

నాకు మాత్రం ఉండబట్టలేదు. ఆ అమ్మాయి వెళ్ళాక, "అన్ని తప్పులు విని కూడా ఊరుకున్నారేంటండీ?" అన్నాను.

"మీరు పద్యం నేర్పుతారు మాస్టారూ. ఒక్క అక్షరం తప్పినా పద్యం చెడుతుంది. నేను నేర్పేది మాట. అది మధ్యలో ఆగితేనే చెడుతుంది. తప్పులంటారా, రేపు దిద్దుకుంటాం" అన్నారామె. వ్యాకరణమే వాక్కుకు ప్రాణమని నమ్మిన నేను ఆ రాత్రంతా ఆ మాటతో వాదించుకున్నాను.

కిందటేడు వర్షాకాలంలో విధి ఆమె వాక్కునే హరించింది. పక్షవాతం వల్ల కుడిచేయి పడిపోయింది. విన్నదంతా అర్థమయ్యేది, మాట మాత్రం పెదవి దాటేది కాదు. బంధువులు ప్రేమతో ఆమె బదులు తామే మాట్లాడేవారు. "ఆకలేస్తోంది కదూ, పడుకుంటారు కదూ" అంటే ఆమె తల ఊపేవారు. క్రమంగా తల ఊపడం కూడా తగ్గింది.

డ్యూటీ ముగించుకుని బస్సులో వచ్చిన సునీత ఇది చూసి అందరినీ మర్యాదగా ఊరుకోమంది. మంచం పక్కన కూర్చుని, "టీచర్ గారూ, ఏం కావాలండి?" అని అడిగి ఎదురుచూసింది. టీచర్ కళ్ళు చెమర్చాయి, పెదవులు వణికాయి. నాకు చూడశక్యం కాక, "కాఫీ అనుకుంటానమ్మా" అన్నాను.

"ఆగండి మాస్టారూ. ఆవిడే చెప్తారు."

ఎంతసేపటికో, "వాటర్" అన్నారు టీచర్. మాతృభాష కంటే ముందు, జీవితమంతా బోధించిన భాష తిరిగివచ్చింది. మేమంతా సంతోషంతో గ్లాసు కోసం లేవబోతే సునీత కదలలేదు. "వేడివా, చల్లటివా అండి?" అంది. టీచర్ ముఖంలో చలనమున్న సగం నవ్వింది.

ఆపైన పాత విద్యార్థులు వంతులు వేసుకుని వచ్చారు. దేనిగురించి అడిగినా జవాబు వచ్చేదాకా ఆగేవారు. మాఘమాసానికి ఆమె రెండు భాషల్లోనూ చిన్న వాక్యాలు కూర్చగలిగారు. సునీతకు ఇంటర్వ్యూ సాధన చేయించినది కూడా ఆ స్థితిలోనే. ఒక్కొక్క ప్రశ్న పూర్తికావడానికి ఎంత సమయం పట్టినా ఆ అమ్మాయి చూపు తిప్పేది కాదు. చివరికి ఇంటర్వ్యూలో, మాట్లాడలేని రోగితో ఎలా మెలగుతావని అడిగారట. కంఠస్థం చేసిన జవాబులు వదిలేసి తన టీచరు గురించి చెప్పింది. ఉద్యోగం వచ్చింది. ఆ సంగతి విని టీచర్, "అక్కడ... చలి. స్వెట్టర్... కొన్నావా?" అని అడిగారు.

సోమవారం సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక పాస్టరు గారు, ఎవరైనా మాట్లాడతారా అన్నారు. ఒకప్పుడు నలుగురిలో నోరు విప్పలేనివారు ఒకరి తరువాత ఒకరు లేచి, చేతిలో కాగితం లేకుండా మాట్లాడారు. నన్నూ అడిగారు. జీవితమంతా మాటలతోనే గడిపినవాణ్ణి, రెండు వాక్యాలు చెప్పేసరికి మాట ఆగిపోయింది. అందరూ ఓర్పుతో ఆగారు. పక్కనున్న సునీత ఒక్క పదం కూడా అందించలేదు. నెమ్మదిగా కూడదీసుకుని చెప్పవలసింది చెప్పాను. పిడికెడు మన్ను వేసి, ఆ విదుషీమణికి చేతులు జోడించాను.

ఇంగ్లీషు నేర్పేవారు ఈ గోదావరి సీమలో ఇంకా ఎందరో రావచ్చు. ఎదుటి మనిషి తడబాటును అంత గౌరవంతో వినగల మనిషిని మాత్రం నేను మరొకరిని ఎరుగను.