రత్నమ్మకు పల్లెటూరి వేషం

బెంగళూరు యలహంక పాతూరులో ఉత్త రత్నమ్మ అంటే ఏ రత్నమ్మ అని అడుగుతారు. రింగుల రత్నమ్మ అంటే మాత్రం సందులో ఆడుకునే పిల్లలు కూడా వెంటబడి వచ్చి ఇల్లు చూపిస్తారు.

ఆమె తండ్రి పెద్దమునియప్ప మగ్గం నేసేవాడు. తాతల కాలం నుంచీ బెంగళూరే వాళ్ల ఊరు. పల్లె అంటే రత్నమ్మకు బస్సు కిటికీలోంచి వెనక్కి పరుగెత్తే పొలాలు, అంతే. భర్త మునినారాయణప్ప షామియానాలు కట్టే పనికి పోయేవాడు. మంచివాడే. ఎవరు ఏం చెప్పినా తల ఊపుతాడు, అదొక్కటే ఆమెకు కంపరం.

తొంభై మూడులో దగ్గరి బడివాళ్లు వార్షికోత్సవానికి షామియానా వేయించుకుంటూ, పిల్లలు ఆడుకోవడానికి ఏదైనా పెట్టగలరా అని అడిగారు. నారాయణప్ప తల ఊపి వచ్చాడు. ఏం పెట్టాలో ఆలోచించే పని రత్నమ్మ మీద పడింది. ఆమె బెత్తాన్ని వంచి రింగులు చేసి వాటికి రంగు గుడ్డ చుట్టింది. పాత బల్ల మీద సబ్బులు, స్టీలు గ్లాసులు, దువ్వెనలు పేర్చింది. ఏ వస్తువు మీద రింగు పడితే అది విసిరినవాళ్లది. జాతరల్లో ఈ ఆట ఆడించేవాళ్లు వస్తువు కంటే ఇరుకుగా ఉండే రింగులిస్తారని ఆమెకు తెలుసు. “పడని రింగు పెట్టి పిల్లోళ్లని ఏడిపించే యాపారం నాకొద్దప్పా” అంది. ఆ రోజు సాయంత్రానికి బల్ల ఖాళీ అయింది. లాభం పెద్దగా మిగల్లేదు గాని, బడిలోని అయ్యవార్లందరికీ ఆమె పేరు తెలిసింది.

అక్కడినుంచి పని పెరిగింది. వినాయక చవితి పందిళ్లు, చర్చి ఉత్సవాలు, కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో పుట్టినరోజులు. ఇనుప పైపులతో మడతపెట్టే చట్రాలు చేయించింది. ఎర్రచారల పరదాలు మిషను మీద తానే కుట్టింది. బెలూన్లు కాల్చే స్టాలు, డబ్బాల మీదకి బంతి విసిరే స్టాలు, నోరు తెరిచిన జోకరు బొమ్మ స్టాలు ఒకదాని తర్వాత ఒకటి చేరాయి. వాటిని బాడుగకిచ్చి, రింగుల స్టాలు దగ్గర మాత్రం తానే నిలబడేది. విజిటింగ్ కార్డు అచ్చు వేయించినప్పుడు తన పేరు కింద ‘ప్రొప్రయిటర్’ అన్న మాట సరిగ్గా పడిందో లేదో కూడబలుక్కుని చదువుకుంది. భర్తకిచ్చిన కార్డులో కూడా ఆమె పేరే ఉండేది. నారాయణప్ప దానికీ తల ఊపాడు.

2003లో ఎలక్ట్రానిక్ సిటీలోని ఒక కంపెనీ ఫ్యామిలీ డేకి పిలుపొచ్చింది. పిలిచింది కంపెనీ కాదు, వాళ్ల తరఫున ఏర్పాట్లు చూసే ఈవెంట్ సంస్థ. అందులో సుధీర్ అని మేనేజరు. మెడలో బిళ్ల, చేతిలో వాకీటాకీ, నోట్లో ఇంగ్లిషు. అన్ని స్టాళ్లూ కావాలన్నాడు. తెల్లవారుజామునే టెంపోకెత్తించి, ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు తీసుకుపోయి, అద్దాల మేడల మధ్య పచ్చికలో స్టాళ్లు నిలబెట్టారు. రత్నమ్మ ఆ రోజు కోసం ఆకుపచ్చ ధర్మవరం చీర కట్టుకుంది.

సుధీర్ ఒక సంచీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో గళ్ల చీర, వెండి రంగు ప్లాస్టిక్ కడియాలు, ముక్కుకు తగిలించుకునే పెద్ద నత్తు.

“ఆంటీ, ఇది విలేజ్ మేళా థీమ్. మీరివి వేసుకుని స్టాల్లో కూర్చోవాలి.”

“నేను స్టాలు బాడుగకిస్తిని, ఒళ్లు కాదు గదప్పా.”

“అయ్యో, అలా కాదు ఆంటీ, జస్ట్ లుక్ కోసం. చూసేవాళ్లకి నిజంగా పల్లెకొచ్చినట్టు ఫీల్ రావాలి కదా.”

“నేను పల్లే చూడలేదు. యలహంకలో పుట్టిండేదాన్ని.”

అతనికా మాట ఎక్కలేదు. ఇటు తిరిగితే నారాయణప్ప అప్పటికే తలపాగా చుట్టించుకుని, అంటించిన మీసంతో టెంపో అద్దంలో చూసుకుంటున్నాడు. “ఒక పూట గదా, యాల గలాటా? నాటకంలో కట్టరా? సుమ్నె, మాట్లాడకుండా వేసుకో” అన్నాడు.

ఒప్పుకున్న పని, తెచ్చిపెట్టిన స్టాళ్లు, నిలబడి చూస్తున్న మనుషులు. రత్నమ్మ పళ్లు కొరుక్కుని వేసుకుంది. మేకప్ చేసే పిల్ల ఒకతె వచ్చి గడ్డం మీద, చేతుల మీద ఆకుపచ్చ పెన్నుతో చుక్కలు పెట్టింది. పచ్చబొట్లట.

రత్నమ్మ తల్లికి నిజం పచ్చబొట్లు ఉండేవి. మడకశిర వైపు నుంచి కోడలిగా వచ్చినావిడ. రేషన్ షాపు వరసలో ఆడవాళ్లు ఆ గడ్డం చూసి నవ్వుకుంటున్నారని, ముసలితనంలో కూడా కొంగుతో గడ్డం కప్పుకుని నడిచేది. పెన్ను గడ్డానికి తగిలినంతసేపూ రత్నమ్మకు అదే కళ్ల ముందు ఆడింది.

జనం వచ్చారు. రింగులు విసిరేవాళ్లకంటే ఫోటోలు తీసుకునేవాళ్లు ఎక్కువయ్యారు. అడగకుండా పక్కన చేరి భుజం మీద చెయ్యి వేసేవాళ్లు కొందరు. కెమెరా పట్టిన ఒక పొడుగాటి మనిషి, “ఏయ్, ఇటు చూడు. నవ్వు, నవ్వు” అన్నాడు. ఆమె నవ్వలేదు. అతను ఫోటో తీసుకుని పోయాడు. ఒక పాప తల్లి చెయ్యి పట్టుకుని వచ్చి, రత్నమ్మ ముఖంలోకి చాలాసేపు చూసి, “మమ్మీ, ఈమె నిజం ఆంటీనా, బొమ్మా?” అని అడిగింది. తల్లి పకపకా నవ్వింది. పాప తప్పేముంది? నవ్విన తల్లి మీదే రత్నమ్మకు మండింది.

స్టాలు అట్లాగే వదిలి కుళాయి దగ్గరకు పోయింది. చుక్కలు పోయేదాకా గడ్డం తోముకుంది. తన ధర్మవరం చీర మళ్లీ కట్టుకుని వచ్చి నిలబడింది. చూసి సుధీర్ పరుగెత్తుకొచ్చాడు.

“ఆంటీ, ప్లీజ్! బాస్ వైఫ్ రౌండ్‌కి వస్తున్నారు. థీమ్ స్పాయిల్ అవుతుంది.”

“ఎవరొచ్చినా ఇంగ నేను వేసుకోనప్పా.”

అతను ఆమెతో వాదించలేదు. కంపెనీలో పనిచేసే చైత్ర అనే అమ్మాయిని పిలుచుకొచ్చాడు. ఆ అమ్మాయి సరదాపడి అవే బట్టలు, అవే కడియాలు, అదే నత్తు వేసుకుని స్టాల్లో నిలబడింది. రత్నమ్మను పరదా వెనక కూర్చుని రింగులు అందించమన్నారు.

రింగులు చుట్టింది తాను, పరదా కుట్టింది తాను. ఆ పరదా వెనకే తాను. ముందు నుంచి చప్పట్లు వినబడ్డాయి. “చైత్రా, సూపర్!” “ఎంత క్యూట్‌గా ఉన్నావే!” కాసేపటికి ఒక గొంతు, “మేడమ్, ఒక్క ఫోటో తీసుకోవచ్చా? మీకు ఇబ్బంది లేకపోతేనే” అంది. ఆ గొంతు ఆమె గుర్తుపట్టింది. ‘ఏయ్’ అన్న గొంతే అది.

రత్నమ్మ లేచింది. వరసలో నిలబడిన పిల్లలందరికీ, రింగు పడినా పడకపోయినా, తలా ఒక సబ్బు చేతిలో పెట్టింది. “ఆట ఐపోయింది నాయనా” అని చెప్పి పరదా తాళ్లు విప్పడం మొదలుపెట్టింది.

సుధీర్ వచ్చేసరికి సగం చట్రం కిందికి దిగింది. ఇంగ్లిషులో ఏదేదో అన్నాడు. ఆమె వినలేదు. అతనికి కోపం నెత్తికెక్కి, “ఏందమ్మా నీ కత? నడిమధ్యలో పీక్కోని పోతే మా బతుకేం గావాల?” అని అరిచాడు.

ఆ యాస విని రత్నమ్మ చేతిలో పైపు పట్టుకుని తిరిగింది. “యా ఊరప్పా నీది?”

అతను తడబడ్డాడు. “కదిరి పక్కన... పల్లె.”

“మీ అమ్మకు పచ్చబొట్లు ఉండాయా?”

సుధీర్ మెడలోని బిళ్ల సర్దుకున్నాడు.

“ఉంటే ఆమెనే పిలుచుకొచ్చి కూర్చోబెట్టు. వచ్చినోళ్లు బొమ్మా మనిషా అని చూసిపోతారు. చేతనైతాదా?”

అతని ముఖం నల్లబడింది. వాకీటాకీలో ఎవరో పిలుస్తుంటే అదే సాకుగా పక్కకు పోయాడు. చైత్ర నత్తు తీసి చేతిలో పట్టుకుని, “ఆంటీ, నేనేమైనా తప్పు చేశానా?” అని అడిగింది.

“నువ్వేం చేయలేదు తల్లీ. నువ్వు ఆ గుడ్డలు విప్పితే మళ్లా మేడమ్ ఐపోతావు. నేను విప్పితే నన్ను యెనక్కి పోయి కూర్చోమన్నారు. అది నాకు ఒప్పలేదు.”

నారాయణప్ప తలపాగా తీయలేదు, సాయానికి రాలేదు. “పరువు తీస్తా ఉండావు” అని గొణిగాడు.

“యెవురి పరువు?” అంది ఆమె. మిగతా స్టాళ్లు సాయంత్రం దాకా అక్కడే ఆడాయి. రింగుల స్టాలును ఒక్కతే ముక్కముక్కగా గేటు దాకా మోసి, ఆటో మాట్లాడుకుని ఇల్లు చేరింది.

ఆ ఈవెంట్ సంస్థ మళ్లీ పిలవలేదు. వాళ్లతో చుట్టరికమున్న ఇంకో రెండు చోట్ల కూడా, “ఆ యమ్మతో గలాటా” అని మానుకున్నారు. మొగుడూ పెళ్లాల మధ్య చాలా రోజులు మాటలు లేవు. అన్నం వడ్డించేది, తినేవాడు. కంపెనీవాళ్లు వేసుకున్న కేలండర్‌లో నారాయణప్ప తలపాగా ఫోటో వచ్చిందని ఎవరో తెచ్చిచ్చారు. నడింట్లో మేకు కొట్టబోతే రత్నమ్మ సుత్తి లాక్కుంది. అతను దాన్ని సామాను కొట్టులో తగిలించుకుని, ఎవరైనా వస్తే చూపిస్తుండేవాడు. రానురాను మునుపంత ఉత్సాహంగా కాదు.

ఆమె కోపం చల్లారలేదు. ఇరుగమ్మకు చెప్పినా, పాలవాడికి చెప్పినా, నిన్న జరిగినట్టే చెప్పేది. స్టాళ్లు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లను బాడుగ సంగతి ఎత్తకముందే ఒక ప్రశ్న అడిగేది: “మేము మా గుడ్డల్లోనే వస్తాము. ఒప్పుతాదా?” కొందరు నవ్వారు, కొందరు ఇదేం పొగరని వేరేవాళ్లను చూసుకున్నారు. పని కొంత తగ్గింది. పూర్తిగా ఆగలేదు. బడులు వదలలేదు, చర్చివాళ్లు వదలలేదు.

2008లో మహదేవపురలోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం నుంచి సుశీల అనే కార్యదర్శి వచ్చింది. ప్రశ్న విని ఆశ్చర్యపోయింది. “మీ గుడ్డలు మీరు కాక ఇంకేం వేసుకుంటారమ్మా?” అంది. రత్నమ్మ ఆమెను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఎలక్ట్రానిక్ సిటీ కథంతా మొదటినుంచీ చెప్పింది. సుశీల విని, తమ పోయిన ఏటి వేడుకలో కూడా ఎవరికో అట్లాగే వేషం వేయించామని, అప్పుడు తట్టలేదని మెల్లగా అంది. రత్నమ్మ ఓదార్చలేదు. “ఇప్పుడన్నా తట్టింది గదా” అంది.

ఆ ఆదివారం వాళ్ల వేడుకలో రత్నమ్మ నీలం పట్టుచీరలో రింగులు చేత్తో పట్టుకుని నిలబడింది. టీషర్టు వేసుకున్న ఒకాయన వచ్చి, “ఏయ్, రింగులియ్యి” అన్నాడు. ఆమె వినబడనట్టు అతని వెనకున్న పిల్లకు రింగులిచ్చింది. తర్వాత ఇంకో పిల్లకు. అతను విసుక్కుని అటూ ఇటూ చూశాడు. వెనక వరస పెరుగుతోంది.

“అమ్మా, రింగులిస్తారా?” అన్నాడు చివరికి.

“తీసుకోండప్పా” అని ఇచ్చింది.