ఊగుతున్నది బండా, నేనా?

2023 ఆగస్టు నెలాఖరు. నార్త్ కరోలినాలో క్యారీ ఊరు దాటి కాస్త పోతే రోడ్డు పక్కన నా టైర్ల షాపు ఉంటుంది. విజయవాడలో మెకానికల్ చదివి, ఇక్కడ మాస్టర్స్ చేసి, కొన్నేళ్లు వాహనాల టెస్ట్ ఇంజనీర్‌గా పనిచేసి, మీటింగుల్లో కూర్చోలేక బయటికొచ్చి పెట్టుకున్న షాపు. మా వాళ్ల పిల్లలంతా నన్ను టైర్ ఆంటీ అంటారు. పార్టీల్లో కొత్తవాళ్లు "మీరు ఏ కంపెనీ అండీ?" అని అడుగుతారు. టైర్ల షాపండీ అంటే అయ్యో పాపం అన్నట్టు మొహం పెడతారు. వారం తిరక్కుండా వాళ్ల కారే మేకు గుచ్చుకుని నా గుమ్మంలో ఉంటుంది. అప్పుడు నేనూ అలాంటి మొహమే పెడతాను.

ఆ రోజు వచ్చింది మాత్రం కారు కాదు, డ్యూయలీ. ముందు రెండు చక్రాలు, వెనక ఇటు రెండు, అటు రెండు, మొత్తం ఆరు చక్రాలుండే పెద్ద పికప్ ట్రక్కుని ఇక్కడ అలా అంటారు. బరువైన ట్రైలర్లు లాగడానికే తయారుచేసిన బండి. దీనితో ఒక తంటా ఉంది. వెనక జంటల్లో లోపలి టైరు సరిగా కనబడదు. దాని గాలి చూడాలంటే బయటి చక్రానికున్న కన్నంలోంచి చేయి పెట్టాలి, చేతికి నల్లగా మసి అంటుకుంటుంది. అందుకని చాలామంది నాలుగు టైర్లు చూసి, ఆరూ చూశామనుకుంటారు.

బండి దిగినాయన నర్సింగరావు గారు. వరంగల్ మనిషి, అరవై దాటాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి భార్య ఇందిర గారితో కలిసి పెళ్లి మండపాల వ్యాపారం చేస్తున్నారు. స్తంభాలు, పీటలు, లైట్లు, పూల ఫ్రేములు అన్నీ ట్రైలర్లోకి ఎక్కించి వేరే రాష్ట్రాల్లోని హెర్న్‌డన్, ఐసెలిన్ ఊళ్ల దాకా తీసుకుపోయి మన పెళ్లిళ్లకి మండపం నిలబెట్టి వస్తారు. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లె అంటారు. ఎప్పుడూ జంటగా వచ్చేవాళ్లు. ఆ రోజు ఒక్కరే వచ్చారు.

"అరవై మైళ్లు దాటితే చాలు, వణుకుతున్నది చెల్లె. రెండు షాపులల్ల చూపించిన. బ్యాలెన్సింగ్ చేసిన్రు. తగ్గలే. ఒకాయనైతే, ఇది ట్రక్కు, గింతే ఉంటది, నడుపుకో అన్నడు."

గింతే ఉంటది. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కారణం వెతకడానికి బద్ధకమై చెప్పే మాట అది. ఏ బండీ ఊరికే ఊగదు.

నేను తాళాలకోసం చేయి చాపాను. ఆయన వెంటనే ఇవ్వలేదు. షాపులో ఇంకెవరైనా వింటున్నారా అని చూసి, గొంతు తగ్గించారు.

"నువ్వు ఏం దాచకుండ ఖుల్లా చెప్పాలె. ఊగుతున్నది బండా, నేనా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మా బాపుకు యాభై దాటినంక చేతులు వణికేటియి. బీడీ ముట్టించుకుందామంటే అగ్గిపుల్ల నిలవకపోయేది. ఇప్పుడు స్టీరింగ్ పట్టుకుంటే నాకు గట్లనే అనిపిస్తున్నది. ఇందిరకు చెప్పలే. పక్కన ఆమె కూర్చుంటది, వెనక అంత బరువుంటది. నా చేతుల మీద నాకే నమ్మకం లేకుంటే నడుపొద్దు గదా. బండిదైతే బాగుచెయ్. నాదైతే, ఈ శనివారం ఐసెలిన్ పెళ్లి కూడ వేరేటోళ్లకు అప్పజెప్పి, బండి అమ్మేస్త."

నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. ఈయన టైర్లు చూపించుకోవడానికి రాలేదు, తీర్పు చెప్పించుకోవడానికి వచ్చాడని అర్థమైంది. "తేలుస్తానన్నా. తేలేదాకా తాళాలు నా దగ్గరే ఉంటాయి" అన్నాను.

మా పనిలో మొదటి పాఠం ఒకటుంది. ఊపు స్టీరింగ్‌లో తెలిస్తే అనుమానం ముందు చక్రాల మీద, సీటులో తెలిస్తే వెనక చక్రాల మీద. ఖాళీ బండిని హైవే ఎక్కించి నేనే నడిపాను, ఆయన పక్కన కూర్చున్నారు. అరవై దాటగానే సీటు కింద ఎవరో కూర్చుని దడదడలాడిస్తున్నట్టు మొదలైంది. స్టీరింగ్‌లోనూ సన్నగా వణుకు ఉంది.

"ఊగుతోందన్నా. బండి నిజంగానే ఊగుతోంది."

"అంటే నేను కాదు!" అంటూ ఆయన డాష్‌బోర్డు మీద చరిచారు. ఆ మొహం చూస్తే నాకూ సంతోషమేసింది. కానీ ఇంకా ఏదీ తేలలేదు. "ఆగండన్నా, ఇప్పుడే మొదలుపెట్టాం" అన్నాను.

షాపుకొచ్చి ఆరు టైర్ల గాలీ చూశాను. ఐదు బాగానే ఉన్నాయి. ఎడమ వెనక లోపలి టైరులో ఉండాల్సిన గాలిలో సగం కూడా లేదు. దాని వాల్వుకి తగిలించిన పొడుగు గొట్టం దగ్గర కొద్దికొద్దిగా గాలి పోతోంది. గొట్టం మార్చి, గాలి కొట్టి మళ్లీ హైవే ఎక్కాను. ఊపు కాస్త తగ్గింది, పోలేదు. గాలి సరిచేసినా పోలేదంటే టైరుకే ఏదో అయింది. ఏమై ఉంటుంది?

"ఇది ఎప్పట్నుంచి అన్నా?"

"శ్రావణంల మొదటి పెళ్లికి బండి తీసినప్పటి సంది."

"అంతకు ముందు?"

"అంతకు ముందు తియ్యనే లేదు. ఆషాఢం వచ్చె. అది అయిపోంగనే అధిక శ్రావణం పడె. ముహూర్తాలే లెవ్వు గదా. స్టోరేజీ యార్డులనే ఉన్నది."

"ట్రైలర్ విప్పి పెట్టారా?"

"తగిలించే ఉన్నది. లోపల మండపం కూడ ఉన్నది. అదంత దించుడు, మళ్ల ఎక్కించుడు ఎవ్వలతోని అయితది చెల్లె?"

నేను తల పట్టుకున్నాను. ముహూర్తాలు లేని రెండు నెలలూ ఆ బండి మండపాన్ని మోస్తూ కాలే తారు మీద కదలకుండా నిలబడి ఉంది! ముందే గాలి తగ్గిన టైరు. బరువుకి అడుగున నొక్కుకుపోయి, ఎండకి అదే ఆకారంలో బిగుసుకుంది. దీన్ని ఫ్లాట్ స్పాట్ అంటారు. కొన్ని రోజులు నిలబెట్టిన బండికైతే కాసేపు నడిపితే టైరు వేడెక్కి మళ్లీ గుండ్రంగా అవుతుంది. ఇది ఆ దశ దాటిపోయింది. బ్యాలెన్సింగ్ అనేది చక్రంలో బరువు తేడాని సరిచేస్తుంది కానీ గుండ్రం పోయిన టైరుని గుండ్రంగా చేయలేదు. అక్కడ రెండు షాపుల కష్టమూ వృథా అయింది. టైరు మీద రోలర్‌ని గట్టిగా నొక్కి తిప్పి చూసే యంత్రం నా దగ్గరుంది. అన్నీ దాని మీదికి ఎక్కించాను. ఆ లోపలి టైరే కాదు, గాలి సరిగా ఉన్న ముందు కుడి టైరు కూడా గుండ్రం తప్పింది.

"అయితే రెండు టైర్లు" అన్నారు ఆయన.

"మూడు. వెనకవి జంట కదన్నా. ఒకటి కొత్తదీ ఒకటి అరిగిందీ పెడితే, ఎత్తుగా ఉన్నదే బరువంతా మోస్తుంది. ఇవాళ బాగానే ఉంటుంది, రేపు అదీ పోతుంది."

మూడూ మార్చి, ఏ టైరుకి ఎంత గాలో తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీద చూసి పెట్టాను. మళ్లీ హైవే. మొదట నేనే నడిపాను. డెబ్బై మైళ్ల మీద స్టీరింగ్‌ని వేళ్ల కొసలతో తాకి చూశాను. సీటు నిశ్శబ్దంగా ఉంది, స్టీరింగ్ నిశ్చలంగా ఉంది. గెలిచాననుకున్నాను. పక్కకి ఆపి, "రండన్నా, మీ బండి మీరే నడపండి" అన్నాను.

ఆయన నడుపుతూ తల ఊపారు. "పోయింది చెల్లె. శభాష్." కొంచెం దూరం పోయాక, "జరంత ఉన్నది" అన్నారు.

"ఎక్కడ?"

"చేతులల్ల."

టైరు ఊపు వేగంతో మారుతుంది. వేగం పెరిగితే ఊపూ వడిగా అవుతుంది, తగ్గితే నెమ్మదిస్తుంది. స్పీడు తగ్గించమన్నాను, మళ్లీ పెంచమన్నాను. ఆయన వేళ్ల వణుకు దేనికీ మారలేదు. ఎగ్జిట్ తీసుకున్నాం. కింద సిగ్నల్ ఎర్రగా ఉంది. బండి ఆగింది. చక్రాలు తిరగడం లేదు. స్టీరింగ్ మీద ఆయన చేతులు వణుకుతున్నాయి.

ఇద్దరం చూశాం. ఆయన చూశారని నాకు తెలుసు, నేను చూశానని ఆయనకి తెలుసు. నా పని అయిపోయింది కదా, బండి ఊగడం లేదని చెప్పి పంపిస్తే సరిపోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది. శనివారం పెళ్లి ఉంది, మనిషి సంతోషంగా వెళ్తాడు. నేను ఏ అబద్ధమూ చెప్పినట్టు కూడా కాదు. వెనక కారు హారన్ కొట్టేదాకా సిగ్నల్ మారిన సంగతే ఇద్దరం గమనించలేదు.

షాపు ముందు ఇంజిన్ ఆపారు. తలుపు తీయలేదు.

"ఖుల్లా చెప్పమన్న గదా" అన్నారు.

చెప్పేయాలి అనుకున్నాను. నా మాట కోసమే ఈ మనిషి ఇంత దూరం వచ్చాడు.

"బండి ఊగిన మాట నిజమన్నా. ఆ ఊపు తీసేశాను. ఇప్పుడు మిగిలింది బండిది కాదు."

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. ఎటు చూడాలో తెలియక ఆ చేతుల్నే చూశాను. కదలడం లేదు! మళ్లీ స్టీరింగ్ పట్టుకోమన్నాను. వణికాయి. వదిలేయమన్నాను. ఆగాయి.

"అన్నా, నేను డాక్టర్‌ని కాదు. ఇదేంటో నాకు తెలియదు. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావట్లేదు అని చూడటం ఒక్కటే నాకు తెలిసిన విద్య. పట్టుకుంటే వస్తోంది, ఒళ్లో పెట్టుకుంటే రావట్లేదు. ఈ ముక్క డాక్టర్‌కి ఇలాగే చెప్పండి. అమ్మేయడాలూ మానేయడాలూ ఆ తరవాత."

ఆయన తాళాలు తీసి నా చేతిలో పెట్టి, ఇందిర గారికి ఫోన్ చేసి రమ్మన్నారు. ఆమె వచ్చేసరికి ట్రక్కు పక్కన నిలబడి ఉన్నాం. ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు, బాపు సంగతితో సహా. ఆమె ఏడుస్తుందేమో, ఎలా ఊరుకోబెట్టాలా అని నేను సిద్ధమవుతున్నాను.

"నాకెరుకే" అన్నారు ఆమె. "ఏడాది సంది మీకు చాయ్ సగం గ్లాసే పోస్తున్న. ఎందుకని మీరు అడగలే, నేను చెప్పలే."

నర్సింగన్న అక్కడే బంపర్ మీద కూలబడ్డారు. ఆమె ఆయన భుజం మీద చేయి వేసి, నావైపు తిరిగారు.

"సరళా, ఈ బండి నాకు నేర్పు."

"వదినా, వెనక ట్రైలర్ తగిలిస్తే మాటలు కాదు."

"తెలుసు. అందుకే నిన్ను అడుగుతున్న."

ఆ శనివారం ఐసెలిన్‌కి ట్రక్కు నేను నడిపాను, మండపం వాళ్లిద్దరూ నిలబెట్టారు. తరవాత నెలలపాటు ఆదివారాలు నా షాపు వెనక ఖాళీ స్థలంలో ఇందిర వదిన ట్రైలర్‌ని వెనక్కి తోయడం నేర్చుకున్నారు. దారి గుర్తుకి నేను పెట్టిన ప్లాస్టిక్ కోన్లలో పడగొట్టనిది లేదు. ఒకసారి నా కంచె కూడా వంచారు. కోపమొచ్చి దిగిపోయేవారు, నీళ్లు తాగి మళ్లీ ఎక్కేవారు. "మళ్ల పెట్టు సరళా" అనేవారు, పడిపోయిన కోన్ చూపించి. నర్సింగన్న పక్క సీట్లో పళ్లు బిగించుకుని కూర్చునేవారు. ఆయనకి స్టీరింగ్ వదలడం కంటే నోరు మూసుకోవడమే ఎక్కువ కష్టమైంది.

డాక్టర్ చూసి, ఇది కొన్ని కుటుంబాల్లో వచ్చే వణుకు, ప్రాణానికి భయం లేదు అన్నారట. బాపుదీ అదే అయి ఉండొచ్చన్నారట. మాత్రలు ఇచ్చారు, ఊళ్లో నడుపుకోవచ్చన్నారు. హైవే మాత్రం ఇప్పుడు ఇందిర వదినది. మొన్న హెర్న్‌డన్ పెళ్లికి పోతూ గాలి చూపించుకోవడానికి ఆగారు. నేను వంగేలోపే వదిన చేయి పెట్టి లోపలి టైర్లు తనే చూసుకున్నారు, చేతులంతా మసి.

ఆ సిగ్నల్ దగ్గర చూసింది దాచుకుని ఉంటే, నర్సింగన్న నా కొత్త టైర్లను నమ్ముకుని ఇంకో ఏడాది నడిపేవాడు, పక్కన ఆమె ఇంకో ఏడాది సగం గ్లాసు పోస్తూ కూర్చునేది. ఊపు తీయడం నా పని అనుకునేదాన్ని. తీశాక మిగిలిందేమిటో మొహం తిప్పుకోకుండా చెప్పడం కూడా నా పనే.