జనగామ బస్సెక్కిన కవరు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు బాగా వచ్చనుకునేదాన్ని. ఆ రోజులంటే ఏ తాతల కాలమో కాదు, కరోనా పోయి మూతికి కట్టిన గుడ్డలు బీరువాల్లోకి చేరిన రోజులు. బీఎడ్ పూర్తిచేసి, చేర్యాలలో మా బాపు బట్టల దుకాణంలో జాకెట్ ముక్కలు చూపిస్తూ, నేను ఉండాల్సిన చోటు ఇది కాదని లోలోపల పళ్ళు నూరుకునేదాన్ని. అప్పుడే సిద్దిపేటలోని ఒక ప్రైవేటు బడి నుంచి డెమో క్లాసుకు రమ్మని ఫోను వచ్చింది. డెమో అంటే పెళ్ళిచూపుల్లాంటిదే. మనం పిల్లలకు పాఠం చెప్పాలి, వెనక బెంచీలో యాజమాన్యం కూర్చుని చూస్తుంది, నచ్చితే ఉద్యోగం, నచ్చకపోతే 'ఫోన్ చేస్తం' అంటారు. (ఆ ఫోను ఎవరికైనా వచ్చినట్టు నేనింతవరకు వినలేదు.) ఇంట్లో మాత్రం నేను డెమో అని చెప్పలేదు, ఉద్యోగమే వచ్చిందన్నాను. అదే పూట మా మేనత్త వచ్చి "బీఎడ్ చదివి ఇంక చీరెలే మడత వెడ్తున్నవా బిడ్డా" అనకపోయి ఉంటే అనేదాన్ని కాదేమో. బాపు అరగంటలో బజారంతా చాటాడు. ఇక డెమో చెడిపోతే నేను మళ్ళీ ఏ మొహం పెట్టుకుని ఆ దుకాణంలో కూర్చోవాలి?

బడివాళ్ళు పెట్టిన షరతు చిత్రమైంది. ఒకే ఒక్క ఇంగ్లీషు మాట తీసుకుని, దాని అర్థాలూ పుట్టుపూర్వోత్తరాలూ తొమ్మిదో తరగతికి చెప్పాలట. అన్నిటికన్నా సులువని 'కవర్' అనే మాట పట్టుకున్నాను. దుకాణంలో పొద్దస్తమానం వినబడే మాటే కదా! నిఘంటువు తెరిచాక మొదలయ్యాయి తిప్పలు. కప్పడం, మూయడం, దాచిపెట్టడం, అన్నీ అదేనట. లాటిన్‌లో 'పూర్తిగా కప్పేయడం' అనే మాటగా పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. మన కర్చీఫు దానికి చుట్టం, అసలర్థం తలను కప్పేదని. కర్ఫ్యూ ఇంకో చుట్టం, పొయ్యిలో నిప్పు కప్పేయమని కొట్టే గంటట. తలకు కట్టేది జేబులోకి ఎందుకొచ్చింది? నిప్పు కప్పమంటే పోలీసులు ఎందుకొచ్చారు? డిస్కవర్ అంటే కప్పినది తీయడం, బాగానే ఉంది. మరి రికవర్ అంటే మళ్ళీ కప్పడం కావాలి కదా? కాదట, దానికీ దీనికీ సంబంధమే లేదట! ఇక మనవాళ్ళ సంగతి సరేసరి. సంచీ కవరే, ఉత్తరం పెట్టేదీ కవరే, పైపూత నగలు కవరింగువి, సిలబస్ కవర్ కావాలి, తప్పు చేసినవాడు నీళ్ళు నమిలితే 'ఏం కవర్ చేస్తున్నవ్ రా' అంటాం. చదివేకొద్దీ తెలిసింది కూడా పోయింది. ఎందుకైనా మంచిదని అంతా ఆరు కాగితాల్లో రాసి, మా దుకాణం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బయల్దేరాను.

మా బస్టాండులో సీటు దొరకాలంటే కిటికీలోంచి కర్చీఫు వేయాలి. కర్చీఫు పడిన సీటు వేసినవాళ్ళదే, దానికి ఎదురు చెప్పేవాడు మా వైపు ఇంకా పుట్టలేదు. ఆ పొద్దున రెండు బస్సులు పక్కపక్కనే ఆగాయి. జనం జాతరకొచ్చినట్టున్నారు. నా కర్చీఫు హ్యాండ్‌బ్యాగు అడుగున ఎక్కడో ఉంది, చేతిలో ఉన్నది కవరు. బస్సుల మధ్య సందులో దూరి, కిటికీలోంచి దాన్ని సీటు మీదికి విసిరి, తలుపు వైపు ఉరికాను. నా ప్రమేయం లేకుండానే జనం నన్ను లోపలికి తోశారు. చూస్తే నా సీట్లో ఒక ముసలమ్మ!

"అవ్వా, గిది నా సీటు. కవర్ ఏసిన."

"ఏ కవర్ బిడ్డా? నేనొచ్చేసరికి ఈడ ఏం లేకుండె."

"తెల్ల కవర్. నీ కిందున్నదేమో, జెర లేవరాదు."

పాపం, లేచింది. లేదు. "నీ కవర్ నేనేం జేస్కుంట? అండ్ల ఏమున్నది, చీరెనా?" అంది.

"కాగితాలవ్వా."

"కాగితాలకు గింత లొల్లా!"

అప్పుడు కిటికీలోంచి చూశాను. పక్క బస్సు కదులుతోంది. దాని సీటు మీద నా తెల్ల కవరు దర్జాగా కూర్చుని ఉంది. (దాని పక్కనే ఒకాయన, ఎవరో సీటు ఆపుకున్నారని మర్యాదగా నిలబడే ఉన్నాడు.) బస్సు బోర్డు మీద జనగామ అని ఉంది. "ఆపున్రి! ఆపున్రి!" అని అరిచాను. ఆగింది మాత్రం అప్పుడే కదిలిన మా బస్సు. "ఎవలు దిగేది?" అని కండక్టరు గద్దించాడు. దిగి ఆ బస్సు వెంట పడాలో, ఇందులోనే సిద్దిపేట పోవాలో తేల్చుకోలేక, "ఎవలు లేరన్నా, పోనియ్యున్రి" అన్నాను.

తొమ్మిదో తరగతిలో బోర్డు మీద కవర్ అని రాశాను. అంతే, ఆ తర్వాత ఏదీ గుర్తు లేదు. వెనక బెంచీలో కరస్పాండెంట్ సారు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. కర్ఫ్యూ అంటే తలకు కట్టుకునేదని చెప్పాను. ఒక పిల్ల లేచి "టీచర్, కరోనల కర్ఫ్యూ వెట్టినప్పుడు మూతికి గదా కట్టుకున్నం?" అంది. క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఇక దాచి లాభం లేదని కిటికీ, ముసలమ్మ, జనగామ, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ నవ్వుల్లో భయం పోయి ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. తలకు కట్టేది జేబులోకెట్లా వచ్చిందో నాకూ తెలియదన్నాను. "జేబులకెల్లి సీటు మీదికి గూడ వచ్చింది టీచర్" అన్నాడొకడు. పొయ్యి నిప్పు సంగతి చెబితే మొదటి పిల్లే మళ్ళీ లేచి "మా నానమ్మ గూడ నిప్పుల మీద బూడిద గప్పుతది, పొద్దుగాల ఊదితే మళ్ళ అంటుకుంటది" అంది. నివురుగప్పిన నిప్పని మనమూ అంటాం కదా! ఆరు కాగితాలు రాసినా నాకెక్కనిది అప్పుడెక్కింది. (రికవర్ గురించి ఎవరూ అడగలేదు, బతికిపోయాను.)

గంట కొట్టాక సారు పిలిచాడు. "మేడం, మీరు చెప్పింది పాఠమో, బస్సు ముచ్చటో నాకైతే సమజ్ కాలే. కని పిల్లలు ఒక్కలు గూడ బయటికి సూడలే. రేపటి సంది రాండ్రి."

సాయంత్రం బస్సు దిగి దుకాణానికి ఉరికినట్టే పోయాను. బాపు చీరలు మడత పెడుతున్నాడు, ఎదురుగా మేనత్త కూర్చుని ఉంది. సంతోషం పట్టలేక గడప దాటకముందే "బాపూ, ఉద్యోగం వచ్చింది!" అని అరిచాను.

బాపు తలెత్తాడు. "అదేంది బిడ్డా? పోయిన వారమే వచ్చిందంటివి గదా?"

మేనత్త నన్నూ బాపునూ మార్చి మార్చి చూసింది. బాపు ఆమె వైపు తిరిగి, "పెద్ద బడి గదా చెల్లె, రెండుసార్లు చెప్తరు" అని మళ్ళీ మడత పెట్టసాగాడు.

ఇప్పటికీ అదే బడిలో పాఠాలు చెబుతున్నాను. ఆనాటి ఆ తొందరపాటు పిల్లను, అంటే నన్నే, తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఆ సాయంత్రం బాపు నిజంగానే తికమకపడ్డాడో, అంతా తెలిసే మేనత్త ముందు నన్ను కాచాడో నాకు ఈరోజుకీ తెలియదు. అడుగుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే చీర మడత పెడుతూనే "ఏ ఉద్యోగం సంగతి బిడ్డా, మొదటిదా, రెండోదా?" అంటాడని భయం.