మామ ఎంచుకున్న చిన్న డ్రైవరు

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి నిలబడి ఉండగా చిత్తూరు నుంచి అత్త ఫోను చేసింది. "మీ మామ పోయినాడు పాపా. తెల్లారి లేపితే లేయలేదు" అంది. ఫోను మోగిందంటే ముందు చెడ్డ కబురే అనుకునే మనిషిని నేను. ఆ రోజు మాత్రం ఎందుకో ఏమీ అనుకోకుండా ఎత్తాను. అందుకే అత్త చెప్పింది తలకెక్కడానికి కాసేపు పట్టింది. ఈలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అత్త ఏడుపు ఆపుకుని ఇంకో మాట చెప్పింది. "ఆ చిన్న లారీని బీరువా పైన పెట్టించినా. వచ్చే పోయే పిల్లోళ్లు తాకతారని. నువ్వొచ్చినాక దించుదాం."

ఆ లారీ సంగతి మా చుట్టాల్లో అందరికీ తెలుసు. దాని ముందు చక్రాలను తిప్పే చిన్న పెట్టె సంగతి మాత్రం మామకూ నాకూ తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆయనను తలుచుకుంటే నాకు ఆ పెట్టే ముందు గుర్తొస్తోంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మామ మా అమ్మకు తమ్ముడు. చిత్తూరులో లారీ డ్రైవరు. బెల్లం, మామిడికాయలు, నగరి మగ్గాల గుడ్డల మూటలు, ఏది ఎత్తితే అది మద్రాసుకో బెంగుళూరుకో చేర్చి వచ్చేవాడు. లారీ డ్రైవర్లు దేనికీ జంకరని లోకం అనుకుంటుంది. మా మామ బండి ఎక్కే ముందు చుట్టూ తిరిగి ఒక్కో టైరును అరచేత్తో తట్టేవాడు. ఎక్కాక మళ్లీ దిగి, ఇంకోసారి తట్టి వచ్చేవాడు. మా ఇంటికి వస్తే గ్యాసు కట్టేశారో లేదో ఆయనే చూసేవాడు. నాదీ అదే తంతు. తలుపుకు తాళం వేసి సందు చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూస్తాను. "ఇది మేనమామ పోలిక, మందు లేదు దీనికి" అని నాయన ఆటపట్టించేవాడు.

నేను తిరుపతిలో బీఎస్సీ చదువుతున్న రోజుల్లో, వానలో మొగిలి ఘాటు దిగుతుంటే మామ లారీ స్టీరింగు రాడ్డు ఊడిపోయింది. ఆయన చక్రం తిప్పుతూనే ఉన్నాడు, బండి మాత్రం తన దారిన తాను పోయి గట్టుకు ఒరిగింది. ఎవరికీ ప్రాణాపాయం లేదు. మామ కుడి మణికట్టు విరిగింది. పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఎముక చక్కగా అతుక్కుంది. చేయి తిరిగింది, బరువు ఎత్తింది, ముద్ద కలిపింది. లారీ దగ్గరకు పోతే మాత్రం వణికేది. తలుపు తెరిచి, మెట్టు మీద కాలు పెట్టి, తట్టుకోలేక దిగి వచ్చేసేవాడు.

లారీ ఓనరు మంచివాడే. బండి బాగుచేయించి షెడ్డులో పెట్టి చాలా రోజులు ఆగాడు. చివరికి ఆయన కూడా ఒక మాట అన్నాడు. "ఆయుధపూజ దాకా చూస్తానప్పా. ఆ పొద్దు నిమ్మకాయలు తొక్కించి బండి ఎవురు బయటికి తీస్తే వాళ్లదే బండి. నువ్వు తీస్తే నీదే. లేకపోతే ఇంకొకరిని పెట్టుకోవల్ల గదా." అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అత్తకు అన్నం సయించడం మానేసింది.

ఇంట్లో ఉత్తినే కూర్చోలేక మామ ఒక చిన్న లారీ చేయడం మొదలుపెట్టాడు. మామిడికాయల పెట్టెల చెక్కతో తొట్టి, నూనె డబ్బా రేకుతో క్యాబిను. మద్రాసు హార్బరుకు లోడు కొట్టే స్నేహితుడొకడు ఎక్కడి నుంచో పాత రేడియో కంట్రోలు సెట్టు తెచ్చి ఇచ్చాడు. చేతిలో పట్టుకునే డబ్బా మీద రెండు పుల్లలు. ఒకటి బండిని ముందుకూ వెనక్కూ నడిపేది, ఇంకొకటి చక్రాలు తిప్పేది. నడిపే మోటారు పనిచేసింది. చక్రాలు తిప్పే సర్వో మాత్రం సెట్టులో లేదు.

సర్వో అంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన పెట్టె. లోపల చిన్న మోటారు, దానికి పళ్ల చక్రాలు, పైన ఒక చిన్న చేయి. మన చేతిలో పుల్ల ఎంత జరిగితే అక్కడ ఆ చేయి అంత తిరుగుతుంది. తిరిగి, అక్కడే పట్టుకుని నిలబడుతుంది. ఇదంతా నేను వివరిస్తే మామ విని, "అంటే లోపల కూసున్న డ్రైవరన్న మాట" అన్నాడు. అప్పటినుంచి మా మధ్య దాని పేరు చిన్న డ్రైవరే.

"నువ్వు సదువుకున్నదానివి. మంచిది నువ్వే సూసి చెప్పవల్ల" అన్నాడు. మా పుస్తకాల్లో మోటారు ఉంది, అయస్కాంతం ఉంది. చౌకలో మంచి సర్వో ఏదో ఏ పుస్తకంలోనూ లేదు.

ఒక ఆదివారం ఇద్దరం మద్రాసు బస్సెక్కాం. రేడియో సామాన్లు అమ్మే ఇరుకు సందులో అంగడి తర్వాత అంగడి తిరిగాం. చివరికి ఒక ముసలాయన గాజు బల్ల మీద మూడు సర్వోలు పెట్టాడు. మామ అరవంలో మాట్లాడుతుంటే నేను ఒక్కోదాన్ని తిప్పి తిప్పి చూశాను. మొదటిది ఇత్తడి పళ్లది, పట్టుకుంటేనే బరువుగా ఉంది. ధర వినగానే మామ దాన్ని జాగ్రత్తగా ఆయన వైపు జరిపేశాడు. రెండోది కొత్తది, చిన్నది, ప్లాస్టిక్కు పళ్లది. మా చేతిలో ఉన్న డబ్బుకు హాయిగా వచ్చేది. మూడోది ఎవరో బొమ్మ పడవలోంచి పీకి అమ్మేసినది. పెద్దదే కానీ పాతది, ఒంటి నిండా గీతలు.

ముసలాయన బ్యాటరీ తగిలించి చూపించాడు. చిన్నది చురుగ్గా తిరిగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. "ఇదే తీసుకుందాం మామా" అన్నాను. మామ వేలితో దాని చేతిని అడ్డగించి గట్టిగా నొక్కాడు. లోపల టక్కుమని పన్ను జారింది. ముసలాయన గబుక్కున లాక్కుని, విమానం బొమ్మలకైతే ఇది చాలు, బరువు బండికి ఇది ఆగదని తనే ఒప్పుకున్నాడు.

పాతదానికి తగిలించగానే అది తిరిగింది కానీ చాలా నెమ్మదిగా తిరిగింది. నడిమధ్యకు వచ్చాక కుదురుగా నిలవలేదు. చేయి ఇటు కొంచెం, అటు కొంచెం, సన్నగా వణుకుతూనే ఉంది. లోపల ఏదో అరిగిపోయిందని, అందుకే తన చోటు వెతుక్కుంటోందని మామకు చెప్పాను. "ఇది వద్దు" అని కూడా చెప్పాను. మామ దాన్నీ వేలితో నొక్కాడు. అది గుర్రుమంది. ఇంకా నొక్కాడు. వణికింది, గుర్రుమంది, ఉన్న చోటు మాత్రం వదల్లేదు.

"ఇదీ నా మాదిరే వణకతా ఉండాది గదా పాపా" అన్నాడు.

"అందుకే వద్దంటున్నా మామా. దారిలో ఆగిపోతే?"

"సూడు, నొక్కినా యిడస్తా లేదే. నిదానమైతే కానీలే. లారీ కదా, ఆటో కాదు."

అదే కొన్నాం. తిరుగు బస్సు పుత్తూరులో ఆగినప్పుడు చేతికి కట్లతో ఎవరో ఎక్కారు. మామ వాళ్లను చూసి తన మణికట్టు రుద్దుకుంటూ, గొంతు తగ్గించి నాతో చెప్పాడు. "ఆయుధపూజ పొద్దు ముందు ఈ చిన్న బండితో నిమ్మకాయ తొక్కిస్తా. నేరుగా తొక్కి పోయిందా, నేను పెద్ద బండెక్కతా. లేకపోతే లేదు. మీ అత్తకు చెప్పొద్దు."

"దానికీ దీనికీ ఏం సంబంధం మామా?"

"నా అంతట నేను ఒప్పుకోలేకపోతున్నా పాపా. ఏదో ఒకటి ఒప్పీయవల్ల గదా."

ఆ మాట విన్నప్పటినుంచి నాకు కుదురు లేదు. అత్త సంసారం, మామ బతుకు, అన్నీ పోయి పోయి ఎవరో వద్దని అమ్మేసిన వణుకుడు సర్వో మీద కూర్చున్నాయి. క్లాసులో కూర్చున్నా చెవిలో ఆ గుర్రే. సెలవు దొరికితే చిత్తూరు పోయేదాన్ని. మామా నేనూ వీధిలో బండి నడిపి చూసేవాళ్లం. రాళ్లు, గుంతలు, కాలవ గట్టు, అన్నిటి మీదా పోయింది. పోయిన ప్రతిసారీ రేపు పోతుందో లేదో అని నాకు కొత్త దిగులు పట్టుకునేది.

పండగ రోజు షెడ్డులో లారీలన్నీ కడిగి పసుపు కుంకుమలు పెట్టారు. నేలంతా తడి. మామ లారీ అరటి పిలకలు కట్టుకుని గేటు వైపు తిరిగి ఉంది, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలతో. దాని పక్కనే చిన్న లారీ. కొత్త డ్రైవరు ఒకతను కూడా వచ్చి గోడవార నిలబడి ఉన్నాడు. మామ నన్ను చూశాడు, నేను మామను చూశాను.

అప్పుడు అత్త కొంగు చాటు నుంచి తన మొక్కు బయటికి తీసింది. ఎవరితోనో చెప్పి గూడూరు నుంచి తెప్పించిన నిమ్మకాయలు. ఒక్కొక్కటి చిన్నపాటి నారింజంత ఉంది. చిన్న లారీ చక్రం కంటే కాయే ఎత్తు. మేము వద్దనే లోపే భక్తిగా రెండు చక్రాల ముందూ పెట్టి కర్పూరం వెలిగించేసింది. పూజలో పెట్టిన కాయను తీయకూడదు. పెద్దదాన్ని తీసి చిన్నది పెడతామని ఎవరంటారు?

మామ పుల్ల ముందుకు తోశాడు. ఎడమవైపు కాయ దొర్లిపోయింది. కుడివైపుది చక్రానికి అడ్డం పడి అక్కడే బిగుసుకుంది. వెనక చక్రాలు తడి నేల మీద తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. కాయ చక్రాన్ని పక్కకు మెలితిప్పుతోంది. సర్వో గుర్రుమంటోంది.

"రవంత వెనక్కి తీసి కొట్టప్పా" అన్నాడెవరో.

"వెనక్కి తీయగూడదు" అంది అత్త. అవును, పూజ చేసిన బండిని వెనక్కి తీయరు. పుల్ల వదిలేద్దామా అంటే, నేల వాలుగా ఉంది, తనంతట తానే వెనక్కి జారుతుంది. ముందుకు పోదు, వెనక్కి రాకూడదు. నాకు ఏడుపు వచ్చేసింది. ఇక అయిపోయింది, మామ పెద్ద బండి ఎక్కడు అనుకున్నాను.

మామ వంగి చక్రం వైపు చూశాడు. అది వణుకుతోంది. ఒరగకుండా వణుకుతోంది. చూసి చూసి, డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పుల్ల యిడవద్దు పాపా. నేనొచ్చేదాకా పట్టుకోనుండు" అన్నాడు. పెద్ద లారీ చుట్టూ తిరిగి ఒక్కో టైరునూ తట్టాడు. మెట్టు మీద కాలు పెట్టాడు. ఈసారి దిగలేదు.

నా బొటనవేలికి చెమట పట్టి పుల్ల జారుతోంది. రెండో చేత్తో అదిమి పట్టుకున్నాను. మోటారు వేడెక్కిన వాసన వస్తోంది. ఇది కాలిపోయేలోగా ఆ ఇంజను స్టార్టు అవుతుందా లేదా అని తప్ప ఇంకో ఆలోచన లేదు. ఇంజను దగ్గింది, అందుకుంది. నిమ్మకాయలు ఒకదాని వెనక ఒకటి చిట్లాయి. లారీ గేటు దాటి రోడ్డు మీద నిలబడింది. అత్త రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కింద కూర్చుండిపోయింది.

మామ తిరిగి వచ్చి డబ్బా కోసం చేయి చాపాడు. ఆ చేయి ఎంతగా ఊగుతోందంటే నేను ఇవ్వలేకపోయాను. "ఇంక యిడిసెయ్ పాపా" అన్నాడు. చిన్న లారీ నెమ్మదిగా వెనక్కి జారింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లు బండి నడిపాడు. భయం పోయిందా మామా అని ఒకసారి అడిగాను. "యాడికి పోతాది? క్లీనరు సీట్లో కూసోనుంటాది. కూసోనీ. స్టీరింగు మాత్రం దానికియ్యను" అన్నాడు. పెళ్లికి ముందు, పరీక్షకు ముందు, ఆపరేషనుకు ముందు నాకు ఆ మాటే అక్కరకు వచ్చింది. ఏటా పండగకు చిన్న లారీని దించేవాళ్లు. అత్త మార్కెట్టంతా తిరిగి గోలీల్లాంటి కాయలు ఏరి తెచ్చేది. ఆ మొదటి కాయ మాట ఎత్తితే ఇప్పటికీ ఆమెకు కోపం వస్తుంది.

కర్మ అయ్యాక మొన్న అత్తా నేనూ బీరువా పైనుంచి లారీని దించాం. మామ ఫోటో ముందున్న స్టూలు మీద పెట్టాం. కొత్త బ్యాటరీలు వేస్తూ, ఇది కూడా పలకకపోతే అత్త ముఖం ఎలా చూడాలా అని రెండుసార్లు తీసి మళ్లీ వేశాను. స్విచ్చు వేసి డబ్బాను చాప మీద పెట్టేశాను. పుల్ల మీద ఎవరి వేలూ లేదు.

అత్త కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వంగింది. "పాపా, సూడు" అంది. ముందు చక్రాలు రెండూ ఇటు కొంచెం, అటు కొంచెం, సన్నగా వణుకుతున్నాయి.