ఈలమ్మ కోపం

ఆ బడిలో పిల్లలు డ్రిల్లు టీచరుకు పెట్టిన పేరు ఈలమ్మ. యాభై దాటినా ఏడో తరగతి పిల్లలతో సమానంగా మైదానం చుట్టూ పరిగెత్తేది. రెండు మెట్లెక్కి ఆయాసపడేవాళ్లంటే ఆమెకు చిన్నచూపు. ఇంట్లో ఆ చిన్నచూపంతా అక్క మీదే. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే అక్క మధ్యాహ్నం దాకా లేవదు. పొద్దున్నే ఏవో మాత్రలు మింగుతుంది. ఈలమ్మ ఆమెను "మందుల షాపు" అని వెక్కిరించేదే తప్ప అవి దేనికో అడిగిన పాపాన పోలేదు.

ఒకరోజు అక్క మోకాలి నొప్పి చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తుంటే తోడు వెళ్లింది. నర్సు అక్కకు బీపీ చూసి, పనిలో పనిగా చెల్లెలి చేతికీ పట్టీ చుట్టింది. అక్కకు నూట ఇరవై ఉంది. ఈలమ్మకు నూట ఎనభై.

"నీ మిషన్ పాడైంది," అంది ఈలమ్మ.

నర్సు ఇంకోటి తెచ్చింది. అదీ అంతే చూపించింది.

"తిని కూర్చునేది మా అక్క. పరిగెత్తేది నేను. బీపీ నాకా?"

ఆ అరుపుకు బయట వరుసలో ఉన్నవాళ్లు తలుపులోంచి తొంగిచూశారు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ఈలమ్మ దగ్గర కవాతు నేర్చుకునే వయసు నిన్నగాక మొన్న దాటినట్టుంది. ఈసీజీ తీయించి, గీతల్లో తేడా ఉందని మాత్రలు రాసింది. వారం తర్వాత ట్రెడ్‌మిల్ పరీక్షకు రమ్మంది. పరీక్షలో ఆ పిల్ల మాట తప్పని తేల్చాలనీ, మందు వేసుకోలేదన్న వంక దొరకనివ్వకూడదనీ ఈలమ్మ పంతంగా మాత్రలు వేసుకుంది.

పరీక్షరోజు బెల్టు వేగం పెరిగేకొద్దీ ఆమెకు హుషారు పుట్టింది. మంచి ఊపు మీదుండగా టెక్నీషియన్ తెరవైపు చూసి యంత్రం ఆపేశాడు.

"ఎందుకాపావయ్యా? నేనింకా మొదలే పెట్టలేదు!"

డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టింది. "గుండెకి రక్తం సరిపోవట్లేదు టీచర్. బీపీ ఎన్నేళ్లుగా ఉందో ఏమో, లోపల్లోపలే నాళాల్ని పాడుచేసినట్టుంది."

"గుండెజబ్బయితే నొప్పి రావాలిగా?"

"అందరికీ రాదు. వచ్చుంటే మీరు ఎప్పుడో వచ్చేవారు."

ఈలమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న ఒళ్లు, ఒక్కమాట చెప్పకుండా ఇంత ద్రోహం చేస్తుందా! ఇంటికొచ్చి ఆ మంటంతా అక్క మీద కక్కింది.

"రావాల్సింది నీకు! నాకెందుకొచ్చింది?"

అక్క కుట్టు ఆపింది. "నాకూ ఉందే. పదేళ్లు దాటింది. ఈ మాత్రలు దేనికనుకున్నావ్? అమ్మ పోయిన వయసు దగ్గరపడుతుంటే భయమేసి చూపించుకున్నా. నిన్నూ రమ్మన్నా. నవ్వావు."

ఈలమ్మ మిషన్ పక్కనున్న మాత్రల అట్ట తీసి, మొదటిసారి దాని మీద పేరు చదివింది.

యాంజియో చేస్తే ఒక నాళం చాలావరకు పూడుకుపోయిందని తెలిసింది. స్టెంట్ వేసి ఇంటికి పంపారు. పిన్ని పలకరించడానికొచ్చింది. మంచం పక్కన కూర్చుని నిట్టూర్చింది.

"నీకీ తిప్పలేంటే తల్లీ! మీ అమ్మ అదృష్టవంతురాలు. బట్టలారేస్తూ ఆరేస్తూ, ఎవరిచేతా చేయించుకోకుండా హాయిగా పోయింది."

ముప్పై ఏళ్లుగా ఈలమ్మ వింటున్న మాటే అది. తనూ నలుగురి దగ్గర గొప్పగా చెప్పుకున్న మాట. ఇప్పుడు చెవిలో సీసం పోసినట్టుంది.

"హాయిగానా? నలభై తొమ్మిదేళ్లకి పోవడం హాయా పిన్నీ? ఆవిడ చేతికి ఒక్కసారైనా ఎవరన్నా పట్టీ చుట్టారా? నాన్నకి తుమ్మొస్తే డాక్టరు. తాతకి దగ్గొస్తే డాక్టరు. అమ్మ తిరుగుతోంది కదా అని వదిలేశారు. చంపుకుని అదృష్టమంటారా!"

"మెల్లగానే, నీకు మంచిది కాదు," అంది అక్క.

"ఈ ఇంట్లో అమ్మ కూడా గొంతెత్తకుండా మెల్లగానే ఉంది! ఏం మంచి జరిగింది?"

పిన్ని మంచినీళ్లయినా ముట్టకుండా లేచి వెళ్లిపోయింది. అక్క ఆమెను గేటుదాకా సాగనంపి వచ్చేసరికి ఈలమ్మ గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడుస్తోంది. అక్క వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

బడికెళ్లాక హెడ్మాస్టరు కొన్నాళ్లు లైబ్రరీలో కూర్చోమన్నాడు. ఈలమ్మ ఆయన మీద ఇంతెత్తున లేచింది. చివరికి డాక్టరమ్మ ఒప్పుకున్నంత మేర మైదానంలో నడుస్తూ పిల్లల్ని పరిగెత్తిస్తోంది. మాత్రలు ఒక్కపూటా మానదు, తిట్టుకుంటూనే మింగుతుంది.

చాన్నాళ్లకు పిన్ని ఫోన్ చేసింది.

"నాకూ నూట డెబ్బై ఉందట. సంతోషమేనా?" అంది పొడిగా.

"మాత్రలు మొదలుపెట్టావా?"

"పెట్టా."

"మానేశావంటే ఇంటికొచ్చి మరీ అరుస్తా," అని ఈలమ్మ ఫోన్ పెట్టేసింది.