అచ్చయిన ఏడాది ముందు చూడాలి

అమెరికాలోని ఒహాయోలో ఒక కౌంటీ వంశవృక్షాల సంఘానికి వెర్లిన్ స్టాంబా ఇరవయ్యేళ్లుగా కార్యదర్శి. పదవంటే ఎంతని, లైబ్రరీ కింద గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఓ భూతద్దం. ఆ భూతద్దం చేతికొస్తే మాత్రం తనంతవాడు లేడనుకునేవాడు.

ఎవరైనా ఇంటి బైబిల్ తెస్తే పెళ్లిళ్లు, పుట్టుకలు రాసిన పేజీ ముందు చూసేవాడు కాదు. పుస్తకం అచ్చయిన ఏడాది చూసేవాడు. "1880లో అచ్చయిన పుస్తకంలో 1850 నాటి పెళ్లి అప్పుడే ఎలా రాశారమ్మా? అన్నీ ఒకే సిరా. ఎవరో తర్వాత తీరిగ్గా కూర్చుని తోచింది రాశారు" అని తేల్చేసేవాడు. అలా ఎందరి ముత్తాతల పరువో తీసి, ఇంటికెళ్లి హాయిగా భోంచేసేవాడు.

ఓ గురువారం కూతురు నడీన్ వచ్చి ఎదురుగా కూర్చుంది. యాభై దాటిన మనిషి, తండ్రి దగ్గరే ఈ విద్య నేర్చుకుంది. ఊరందరి బైబిళ్లూ తిరగేసిన ఈ తండ్రీకూతుళ్లు సొంతింటిది ఏనాడూ పరీక్షించింది లేదు. తల్లి ఆర్డిత్ పోయాక అది నడీన్ చేతికొచ్చింది. ఇప్పుడు దాన్నే తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నాన్నా, ఇది అచ్చయింది 1974లో."

వెర్లిన్ భూతద్దం మెల్లగా పక్కన పెట్టాడు.

"మీ పెళ్లి 1970 జూన్ పద్నాలుగని ఉంది. నేను పుట్టింది మరుసటి మార్చిలో. ఒకే సిరా, చేతిరాత నీది. కోర్టు రికార్డులో పెళ్లి అదే ఏడాది నవంబర్‌లో ఉంది."

తన వల్లే అమ్మానాన్నలు పెళ్లి చేసుకోవాల్సి వచ్చిందని పిల్ల ఏనాడూ బాధపడకూడదనే రాశాడది. ఆ భయం ఇప్పటికీ పోలేదు. ఊరికి పాఠాలు చెప్పే మేధావి, కనీసం పెన్నయినా మార్చాడు కాదు.

"నీ కోసం తప్పక చేసుకున్న పెళ్లి కాదమ్మా. తొందరపడ్డాం, అంతే."

"మరి ఏటా జూన్‌లో నాతో కేక్ కోయించావే?"

"అబద్ధాన్ని నిలబెట్టాలి కదా. కేక్ బాగానే ఉండేదిలే."

నడీన్ నవ్వలేదు. పెన్ను ముందుకు తోసింది. "తప్పు కొట్టేయకూడదు. కింద సరైనది రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ఎవరు చెప్పారో గుర్తుందా?"

"ఎవడో తలతిక్క ముసలాడు."

వెర్లిన్ పెన్ను తీసుకుని రాశాడు: "సరైన తేదీ నవంబర్ 14. పెళ్లిలో ఉన్నవాళ్లు: నేను, ఆర్డిత్, నడీన్. ముగ్గురం సంతోషంగానే ఉన్నాం."

సంతకం పెట్టి బైబిల్ ఆమెవైపు తిప్పాడు. అక్షరాలు పెద్దవే. అయినా నడీన్ భూతద్దం తీసుకుని ఇంకోసారి చదివింది.